‘అనుబంధం-ఎ’ ఎవరి కోసం రాసుకున్నారు?

అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ సభ్యులకు,



2021 ఏప్రిల్‌లో తీర్పుగా మీరిచ్చిన 2468వ ఒపీనియన్‌ను, 2023 జనవరిలో లినియన్ సొసైటీ వారి జంతుశాస్త్ర పత్రికలో మీరు వెలువరించిన ప్రకటనను పక్కపక్కన పెట్టుకుని చదివిన మీదట ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ నియమావళి చివర మీరే అచ్చేసుకున్న నైతిక సూత్రాలు తీర్పులకు ప్రాతిపదిక కావని మొదటిదానిలో తేల్చారు. ఒక జంతువు పేరు మనుషుల్ని ఎంత నొప్పించినా ఆ కారణంతో దాన్ని మార్చేది లేదని రెండోదానిలో అన్నారు. మొదటిది పాముల పేర్ల తగాదాలో వచ్చింది. రెండోది వలస పాలకుల, నియంతల పేర్లు జంతువులకు ఇంకా ఎందుకుండాలని లోకం అడుగుతున్నప్పుడు వచ్చింది. సందర్భాలు వేరైనా రెండింటి సారం ఒక్కటే: మంచీ చెడ్డా చూడటం మా పని కాదు.

మీ పని కాకపోతే మరెవరి పని? 1895లో లైడెన్‌లో జరిగిన ప్రపంచ జంతుశాస్త్ర మహాసభ మిమ్మల్ని ఏర్పాటు చేసింది. అప్పటి నుంచి ఒక పేరు చెల్లుతుందా చెల్లదా అన్న తగవు ముదిరితే వెళ్లి తట్టడానికి ఉన్న తలుపు మీదొక్కటే. పురుగు మొదలు నీలి తిమింగలం దాకా ప్రతి ప్రాణి పేరూ మీ నియమావళి గీసిన గీతల మధ్యే పుడుతుంది. ఇంత అధికారం చేతిలో ఉంచుకుని బాధ్యత దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేయడం ఏం న్యాయం?

స్లొవేనియా గుహల్లో ఒక పెంకు పురుగుంది. అర సెంటీమీటరు పొడవు, గోధుమ రంగు ఒళ్లు, కళ్లు లేవు. చీకట్లో పుట్టి, చీకట్లోనే తిరుగుతూ, తనకంటే చిన్న ప్రాణుల్ని తిని బతుకుతుంది. 1937లో ఆస్కార్ షైబెల్ అనే సేకర్త దానికి అనాఫ్తాల్మస్ హిట్లెరి అని పేరు పెట్టాడు, నాటి జర్మనీ ఛాన్సలర్ గౌరవార్థం. ఆ ఛాన్సలర్ ఏం చేశాడో లోకానికి తెలిసి ఎనభై ఏళ్లు దాటింది. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. నాజీ జ్ఞాపికల్ని పోగేసుకునే వాళ్లకు ఆ పేరు వల్లే ఈ పురుగు గిరాకీ సరుకైంది. వాళ్ల కోసం గుహల్లో దొంగచాటుగా పట్టి అమ్ముతున్నారని, మ్యూజియం పెట్టెల్లోని నమూనాలకూ కాళ్లొచ్చాయని వార్తలొచ్చాయి. తన పేరేమిటో ఆ గుడ్డి పురుగుకు తెలియదు. ఆ పేరు మూలాన దాని వంశానికి మాత్రం ముప్పు వచ్చింది.

పేరు తగినది కాదన్న కారణంతో దాన్ని తోసిపుచ్చరాదని మీ 18వ అధికరణం చెబుతుంది. అది నాకూ సమ్మతమే. ఒక ప్రాచీన తిమింగలానికి, దాని ఎముకలు చూసి సరీసృపమని పొరబడి, బాసిలోసారస్ అని పేరు పెట్టేశారు. బల్లుల రాజు అని దాని భావం. రిచర్డ్ ఓవెన్ పొరపాటు కనిపెట్టి మరో పేరు సూచించినా, ముందు అచ్చయిన పేరే నిలబడింది. నిలబడనివ్వండి. అది తెలియక జరిగిన పొరపాటు, దానివల్ల ఎవరి ప్రాణమూ ఉసూరుమనదు. హిట్లెరి అలాంటి పొరపాటా? అది తెలిసి, మెచ్చి, కట్టిన పట్టం. ఈ రెంటికీ తేడా చూడలేని నియమాన్ని నిష్పాక్షికం అనడం నా వల్ల కాదు.

మీ సమాధానం ఏమిటో నాకు తెలుసు: స్థిరత్వం. పేర్లు మాటిమాటికీ మారితే శాస్త్రం నడవదంటారు. ఆ మాట విలువ తెలియనివాణ్ణి కాను. డిగ్రీ విద్యార్థులకు జువాలజీ చెప్పి బతికినవాణ్ణి. పేరు స్థిరంగా ఉండటం మా ప్రాంతంలో చావుబతుకుల సమస్య అని కూడా తెలిసినవాణ్ణి.

ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి, కోరమండల్ తీరపు పాముల మీద పెద్ద బొమ్మల పుస్తకం తయారుచేశాడు. 1796లో లండన్‌లో అచ్చయింది. పాముల్ని పట్టి తెచ్చినవాళ్లు చెప్పిన తెలుగు పేర్లను ఆయన ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. అందులోని బంగారం పాము అన్న పేరును పట్టుకుని 1803లో ఫ్రాన్సు శాస్త్రవేత్త దొదాఁ బుంగారస్ అనే ప్రజాతిని నెలకొల్పాడు. మా కట్లపాము ఈనాటికీ బుంగారస్ సెరూలియస్. రక్తపింజర శాస్త్రనామంలో రస్సెల్ ఉన్నాడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర: ఈ నాలుగింటి విషంతోనే మా దేశంలో పాముకాటు విరుగుడు మందు తయారవుతుంది. మందు సీసాతో వచ్చే మడత కాగితం మీద ఆ నాలుగు శాస్త్రనామాలే ఉంటాయి. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మందని మిలియన్ డెత్ స్టడీ అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఒకప్పుడు ఆసియాలోని నాగులన్నిటినీ నాయా నాయా అనే ఒకే జాతి కింద వేసేవారు. తర్వాత పడగ మీద ఒంటి వలయం ఉండే నాగును నాయా కౌథియాగా విడదీశారు. పాత పరిశోధన వ్యాసంలో నాయా నాయా విషం అని కనిపిస్తే, అది మా పొలం గట్టు మీది పామో, బర్మా వైపు పామో చూసుకోకుండా నమ్మితే మందు దారి తప్పుతుంది. ఇలాంటి మార్పు శాస్త్రం పెరిగినప్పుడు తప్పదు, తప్పుపట్టను కూడా. పేరుకు ప్రాణం విలువ ఉందని చెప్పడానికే ఇదంతా.

ఇంకో సంగతి. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో ఒక నీలి సాలీడు ఉంది. 1899లో పోకాక్ దానికి పోసిలోథీరియా మెటాలికా అని పేరుపెట్టాడు. మొదటి నమూనా గుత్తిలో దొరికింది కాబట్టి విదేశాల్లో దాన్ని గుత్తి టరాంటులా అంటారు. గుత్తిలో అది ఉండదు, రైల్లో తెచ్చిన కలపతో వచ్చి ఉంటుందని చెబుతారు. పెంపుడు సాలీళ్ల బజారులో దానికున్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఆ ప్రజాతిని 2019లో, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. ఒక అట్టపెట్టెలో ఆ సాలీడు పోతుంటే ఏ దేశంలో కస్టమ్స్ అధికారైనా ఆపగలిగేది, కాగితం మీద దానికి ఒక్కటే పేరు ఉన్నప్పుడు. రెండు పేర్లుంటే స్మగ్లర్ వకీలుకు పండగ. మా వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లు కూడా శాస్త్రనామాల మీదే నిలబడ్డాయి.

కాబట్టి స్థిరత్వం పాఠం నాకు చెప్పనక్కర్లేదు. నేనడిగేది, ఆ స్థిరత్వాన్ని మీరెలా కాపాడారన్నది.

2009 మార్చిలో ఆస్ట్రేలియాలో ఒకాయన, తానే రాసి తానే సంపాదకుడిగా ఉండి తానే వెలువరించే పత్రికలో, ఆఫ్రికాలోని విషం చిమ్మే నాగులకు స్ప్రాక్‌లాండస్ అని ప్రజాతి పేరు పెట్టాడు. ఆయన పేరు ఇక్కడ రాయను, నా గొడవ ఆయనతో కాదు. అదే ఏడాది సెప్టెంబరులో వాన్ వాలాక్, వుల్ఫ్‌గాంగ్ వూస్టర్, డొనాల్డ్ బ్రాడ్లీ అనే ముగ్గురు ఆ పాముల మీద తమ పరిశోధనను జూటాక్సా పత్రికలో ప్రచురిస్తూ, వాటికి ఆఫ్రోనాయా అనే ఉపప్రజాతి పేరు ఇచ్చారు. ఇతరులు ఏళ్ల తరబడి పోగేసిన ఫలితాలు చూసి, వాళ్లకంటే ముందు పేరు అచ్చేసుకోవడం ఆ ఆస్ట్రేలియా ఆయన పద్ధతని సరీసృప శాస్త్రవేత్తల ఆరోపణ. ఒకటీ రెండూ కాదు, ఇలాంటి పేర్లు వందల్లో ఉన్నాయి. 2013 నాటికి వాళ్లు విసిగిపోయి, ఆ పత్రికలోని పేర్లు వాడొద్దని తమలో తాము కట్టుబాటు పెట్టుకున్నారు. ముందు అచ్చయిన పేరే చెల్లుతుందన్న మీ మూలసూత్రాన్ని ఒక శాస్త్రశాఖ కలిసికట్టుగా వెలివేసింది. మీ వందేళ్ల పైబడిన చరిత్రలో ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఇంకేం కావాలి?

అదే 2013లో స్ప్రాక్‌లాండస్ పేరు ఖాయం చేయమని స్వయంగా దాని కర్తే మీ ముందుకు వచ్చాడు. కేసు నంబరు 3601. అనుకూలంగా, వ్యతిరేకంగా మీ బులెటిన్ నిండా వ్యాఖ్యలు వచ్చి పడ్డాయి. పదుల సంఖ్యలో శాస్త్రవేత్తలు సంతకాలు చేసి మొరపెట్టుకున్నారు. మీరు తీర్పు చెప్పేసరికి 2021 ఏప్రిల్ అయింది. ఎనిమిదేళ్లు! చివరికి చెప్పిందేమిటి? స్ప్రాక్‌లాండస్ పేరును ధ్రువీకరించం అన్నారు. చెల్లదు అనీ అనలేదు. నైతిక సూత్రాలున్న అనుబంధం-ఎ కేసుల్లో తీర్పుకు కొలబద్ద కాదని మాత్రం విడిగా, స్పష్టంగా, తీర్పు శీర్షికలోనే రాశారు.

అంటే తేదీల ప్రకారం ఒక పేరు, వాడుక ప్రకారం మరో పేరు. నియమావళిని అక్షరాలా పాటించేవాడు ఒకటి రాస్తాడు, తోటివాళ్ల మాట పాటించేవాడు ఇంకొకటి రాస్తాడు. ఆఫ్రికాలో ఆ పాము విషం కళ్లలో పడ్డ రోగికి వైద్యం చేసే డాక్టరు రెండు పేర్లతోనూ వెతుక్కోవాలి. ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు పొలం గట్టు తగాదాకు వచ్చి, గట్టు ఎవరిదో చెప్పకుండా, తగాదా పడటం మంచిది కాదని భోజనం చేసి వెళ్లిపోయినట్టుంది మీ తీర్పు. స్థిరత్వం ఇదేనా?

అసలు ఆ అనుబంధంలో ఏముందో మీకు గుర్తుచేయాల్సి రావడం నాకే ఇబ్బందిగా ఉంది. ఒక జాతిని మరొకరు గుర్తించి పేరు పెట్టబోతున్నారని తెలిసీ వాళ్లకంటే ముందు పేరు పెట్టేయకూడదని అందులో ఉంది. ఎవరినైనా నొప్పిస్తుందని తెలిసిన పేరు పెట్టకూడదని ఉంది. వాదప్రతివాదాల్లో నోరు అదుపులో పెట్టుకోవాలని ఉంది. అన్నీ సబబైన మాటలే. వాటి చివర, ఇవన్నీ ఎవరి మనస్సాక్షికి వాళ్లు కట్టుబడాల్సిన సంగతులనీ, ఉల్లంఘనలపై విచారించడానికీ తీర్పు చెప్పడానికీ కమిషన్‌కు అధికారం లేదనీ ఉంది. ఆ తలుపు మీరే కట్టి, మీరే గొళ్లెం పెట్టి, తాళంచెవి లేదంటున్నారు. మనస్సాక్షి ఉన్నవాడికి అనుబంధం అక్కర్లేదు. లేనివాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మరి ఎవరి కోసం రాసుకున్నారు?

అధికారం లేదంటే నమ్మేవాళ్లు నమ్ముతారేమో. మీ దగ్గర విశేషాధికారం ఉంది. నియమాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే గందరగోళం వస్తుందనుకుంటే, ఆ ఒక్క సందర్భానికి నియమాన్నే పక్కన పెట్టే హక్కు 81వ అధికరణం మీకిచ్చింది. ఆ హక్కు ఎన్నోసార్లు వాడారు కూడా. అల్డాబ్రా దీవుల పెద్ద తాబేలు సంగతే చూడండి. కోల్‌కతా అలీపూర్ జూలో 2006లో చనిపోయిన అద్వైత ఆ జాతిదే. రాబర్ట్ క్లైవ్ పెంచిన తాబేలని దాని గురించి చెప్పుకుంటారు. ఆ జాతికి వాడుకలో ఉన్న జైగాంటియా అనే పేరుకు ఆధారమైన అసలు నమూనా ప్యారిస్‌లో బయటపడి, చూస్తే అది దక్షిణ అమెరికా తాబేలని తేలింది. నియమం ప్రకారం పేరు మారిపోవాలి. ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2013లో మీరు వాడుక పేరు వైపే మొగ్గి దాన్ని నిలబెట్టారు. మంచి పని చేశారు. ఈగల విషయంలో అదే మనసు ఎందుకు రాలేదో మరి. జన్యుశాస్త్రం ల్యాబుల్లో ఇంటిపేరులా మారిన డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌ను ఆ ప్రజాతికి ప్రామాణిక జాతిగా చేయండని అడిగితే, 2010లో కుదరదన్నారు. ప్రజాతి ముక్కలైన రోజున ఆ ఈగ సోఫోఫోరా అయిపోయే ప్రమాదం ఉందని తెలిసే కాదన్నారు. ఆ తీర్పు సబబే అనేవాళ్లూ ఉన్నారు, నాకు ఆ వాదన పూర్తిగా కొట్టిపారేయాలని లేదు. నా మాట ఒక్కటే: ఒకచోట ఔనని, ఒకచోట కాదని తూచి చెప్పే అలవాటు మీకుంది. తూచడం చేతకాదని ఇప్పుడెలా అంటారు?

నియమావళిలోనే వాడుకను కొలిచే గజం ఉంది. 1899 తర్వాత ఎవరూ చెల్లుబాటు పేరుగా వాడని పాత పేరును పక్కన పెట్టి, గత యాభై ఏళ్లలో కనీసం పదిమంది రచయితలు కనీసం 25 రచనల్లో వాడిన కొత్త పేరును నిలబెట్టవచ్చని మీ 23వ అధికరణం ఒప్పుకుంటుంది. మరుపు కొలవగలిగిన మీరు అవమానాన్ని కొలవలేరా?

ఇక గతాన్ని కదిలిస్తే కొంపలు మునుగుతాయన్న భయం. 1758లో లినియస్ ఆసియా ఏనుగుకు ఎలిఫాస్ మాక్సిమస్ అని పేరు పెట్టినప్పుడు ఆధారాల్లో ఒకటి సారాయిలో ఊరేసిన ఏనుగు పిండం. అది ఇప్పటికీ స్టాక్‌హోమ్‌లో ఉంది. దాని ప్రొటీన్లు, డీఎన్‌ఏ పరీక్షిస్తే అది ఆఫ్రికా ఏనుగు పిండమని 2013లో తేలింది. 255 ఏళ్లపాటు మా గుడి ఏనుగుల పేరు ఆఫ్రికా పిండానికి కట్టేసి ఉందన్నమాట. శాస్త్రవేత్తలు ఏం చేశారు? పదిహేడో శతాబ్దంలో జాన్ రే చూసి రాసిన, ఇప్పుడు ఫ్లారెన్స్‌లో ఉన్న ఒక ఆసియా ఏనుగు అస్థిపంజరాన్ని పేరుకు కొత్త ఆధారంగా ప్రకటించారు. నియమాలను గౌరవిస్తూనే, నిదానంగా, పొరపాటు దిద్దారు. ఏ ఏనుగూ ఎవరినీ తొక్కలేదు.

2023 ప్రకటనలో మీరు లేవనెత్తిన ప్రశ్న ఒకటుంది. ఏది నొప్పించే పేరో ఎవరు నిర్ణయిస్తారు? ఈవేళ ఒకరికి కంటగింపైంది రేపు ఇంకొకరికి ఇంపు కావచ్చు కదా, మేం నైతిక న్యాయమూర్తులం కాదు కదా, అని. వినడానికి వినయంగా ఉంది. కానీ ఏది గందరగోళమో, ఏది వాడుకో, ఏది శాస్త్రానికి మేలో నిర్ణయిస్తున్నది ఇప్పటిదాకా ఎవరు? మీరే. మూడింట రెండొంతుల ఓట్లు పడితేగాని విశేషాధికారం వాడరాదన్న కట్టడి కూడా మీకుంది. అంత గట్టి కట్టడి దాటి హిట్లర్ పేరు పోయిందంటే, ఆ మరుసటి రోజు ప్రపంచంలో పేర్లన్నీ కూలిపోతాయా? లిబియాలోని ఒక చిమ్మట పురుగు 1927 నుంచి ముసోలినీ పేరు మోస్తోంది. ఇలాంటి పేర్లను ఒక్కొక్కటిగా చర్చించి, ఓటేసి, కారణాలు రాసి పెట్టడానికి ఎందుకింత వెనకడుగు?

పేరు ఉట్టి గుర్తు మాత్రమే, దానికి అర్థం వెతకొద్దని కూడా మీలో కొందరంటారు. ఉట్టి గుర్తే అయితే మార్చితే పోయేదేముంది? పోయేది ఉందంటే అది ఉట్టి గుర్తు కాదు. ఈ రెండు వాదాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి.

మొక్కల పేర్లు చూసుకునే మీ సాటివాళ్లు మీకంటే ముందు ఒక అడుగు వేశారు. 2024 జూలైలో మాడ్రిడ్‌లో వృక్షశాస్త్ర కాంగ్రెస్ సందర్భంగా, 200కు పైగా మొక్కలు, శిలీంధ్రాలు, శైవలాల పేర్లలో ఉన్న కాఫ్రా అన్న మాటను ఆఫ్రాగా మార్చాలని 351–205 ఓట్లతో తీర్మానించారు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లను తిట్టడానికి వాడిన మాట అది. ఒక్క అక్షరం తీసేస్తే తిట్టు పోయి ఖండం పేరు మిగిలింది. మొక్కను వెతుక్కునేవాడు ఇప్పటికీ దాన్ని సులువుగానే వెతుక్కుంటాడు. 2026 నుంచి కొత్తగా పెట్టే పేర్లపై అభ్యంతరాలు చూడటానికి ఏర్పాటు కూడా చేసుకున్నారు. వాళ్లకూ స్థిరత్వం కావాలి. వాళ్లలోనూ 205 మంది కాదన్నారు. అయినా కూర్చుని ఓటేశారు. మీరు ఓటు పెట్టడానికే ఒప్పుకోరు.

నేను అన్ని పేర్లనూ మార్చమంటున్నానని అపార్థం చేసుకోకండి. రక్తపింజరలో రస్సెల్ ఉంటే నాకు బాధ లేదు. కడప అడవుల కలివికోడికి ఇంగ్లిషులో జెర్డన్ పేరుంది. జెర్డన్ దాన్ని పెన్నా లోయలో చూశాడు, 1848లో బ్లిత్ దానికి శాస్త్రనామం ఇచ్చాడు, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదన్నారు, 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో మళ్లీ దొరికింది. శాస్త్రానికి కనబడలేదుగాని, కలివి పొదల్లో తిరిగే అక్కడివాళ్లకు అది తెలిసిన పిట్టే. అయినా జెర్డన్‌ను తీసేయమని అక్కడివాళ్లెవరూ ఊరేగింపు తీయలేదు, నేనూ తీయను. బొలీవియా అడవిలో ఒక కోతి పేరు పెట్టే హక్కును 2005లో వేలం వేస్తే, ఒక ఇంటర్నెట్ జూదశాల ఆరున్నర లక్షల డాలర్లిచ్చి కొనుక్కుంది. నవ్వొస్తుందే గాని కోపం రాదు, ఆ డబ్బు అక్కడి జాతీయ పార్కుకే పోయింది. అల్పత్వం వేరు, అవమానం వేరు. ఈ తేడా సామాన్యుడికి తెలుస్తుంది, మీకు తెలియదంటే నమ్మను.

మీరంతా జీతభత్యాలు లేకుండా ఈ పని చేస్తున్నారని తెలుసు. మీ ఓపికకు గౌరవం ఉంది. కానీ ఓపిక పేరుతో ఎనిమిదేళ్లు నాన్చిన తీర్పు ఎవరికి మేలు చేసింది? పరిశోధన విద్యార్థి ఒకడు ఆ ఎనిమిదేళ్లలో చదువు మొదలుపెట్టి, డాక్టరేట్ పుచ్చుకుని, ఉద్యోగంలో కుదురుకుని ఉంటాడు. పాము పేరు మాత్రం తేలలేదు.

నియమావళి ఐదో కూర్పు తయారీలో ఉన్నారు. 1999లో అచ్చయి, 2000 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగో కూర్పే ఇప్పటికీ నడుస్తోంది. ఈసారి అనుబంధం-ఎలోంచి నేను పైన చెప్పిన మొదటి రెండు మాటలనైనా వెనక పేజీల్లోంచి తీసి అధికరణాల్లో పెట్టండి. కొత్తగా పెట్టే పేరును అచ్చుకు ముందు దాని కర్త కాని మరో నిపుణుడు ఒక్కడైనా చదివి ఉండాలన్న షరతు పెట్టండి. ఇప్పుడు ఆ షరతు లేదు. 2012 సవరణతో ఎలక్ట్రానిక్ ప్రచురణకు మీ పేర్ల రిజిస్టరు జూబ్యాంకులో నమోదు తప్పనిసరి చేశారు సరే, నమోదు చేసినదాన్ని చదివేవాడెవడు? మా దేశంలో కొత్త జాతిని కనిపెట్టినవాడు 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి తెలియజేసి, నమూనాను నిర్దేశిత సంస్థలో జమచేయాలి. ఒక దేశం తన చట్టంతో ఆ మాత్రం జవాబుదారీ అడగ్గలిగినప్పుడు, ప్రపంచానికంతటికీ పేర్లు పంచే మీరు ఒక్క సాక్షి సంతకం అడగలేరా? హిట్లెరి, ముసోలినీ పేర్ల మీద ఎవరైనా అర్జీ పెడితే పరిధి కాదని తిప్పి పంపకుండా ఓటుకు పెట్టండి. ఓడిపోతే ఓడిపోనివ్వండి, ఎవరు ఎందుకు కాదన్నారో మీ బులెటిన్‌లో చదువుకుంటాం.

ఇక 2468వ ఒపీనియన్. కమిషన్ ఇచ్చిన తీర్పును కమిషన్ సమ్మతి లేకుండా ఎవరూ పక్కన పెట్టరాదని మీ 80వ అధికరణంలో ఉంది. మీ సమ్మతి ఉంటే పెట్టవచ్చన్నమాట. స్ప్రాక్‌లాండస్ చెల్లుతుందో, చెల్లదో ఈసారి తేల్చి చెప్పండి. అనుబంధం-ఎ కొలబద్ద కాదన్న వాక్యాన్ని వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
జంతుశాస్త్రం చదివి, చెప్పిన ఒక తెలుగు అధ్యాపకుడు